పరిగి తల్లిమన్ను

హిందూపురం,
1943 నవంబరు 14

అక్క రంగనాయకమ్మకు,

తమ్ముడు శంకరప్ప నమస్కారం చేసి రాసే జాబు. ఇక్కడ నేనూ, నీ మరదలు అలివేలమ్మా, పిల్లలూ ఒంటికి బాగానే ఉన్నాం. ధర్మవరంలో నువ్వూ బావా కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. 'ఒంటికి' అని ఎందుకు రాశానా అని నువ్వు అక్కడే ఆగుతావు. పళ్ళెంలో ఇసుక పోసి నీకు అక్షరాలు దిద్దించినవాణ్ణి నేనే కదా, ఏ మాట దగ్గర నీ వేలు ఆగుతుందో నాకు తెలియదా? ఆగినా ఫరవాలేదు, జాబు మాత్రం చివరిదాకా చదువు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అలివేలమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది. నువ్వు చెప్పిన వావిలాకు కాపడమే పనిచేసింది. నేను మొదట నవ్వాను, ఆమె వినలేదు, నయమైంది. బావకు రాత్రి డ్యూటీ తప్పించమని రైల్వేవాళ్ళకు అర్జీ రాసి పంపమన్నావు, వేరే కవరులో పంపుతున్నాను. కొంచెం ఘాటుగా రాశాను, బావకు భయమైతే రెండో పేరా కొట్టేయమను. 'నిలదీత' ఆగిపోయిందా అని అడిగావు. ఆగలేదు. యుద్ధం మూలాన కాగితం దొరక్క పదహారు పుటల పత్రిక నాలుగు పుటలకు దిగింది. నా కోపానికి నాలుగు పుటలు ఏ మూలకు?

ధర్మవరం బజారుకు పరిగి తమలపాకు రావడమే మానేసిందనీ, ఇప్పుడు దొరికే ఆకు నోట్లో వేసుకుంటే గడ్డి నమిలినట్టుందనీ రాశావు. రాదక్కా. నువ్వు పుట్టిన నాటికి పరిగి చెరువు కింద నలభై ఆకుతోటలు ఉండేవి. ఈ రోజు తొమ్మిది ఉన్నాయి. తీగ మొదట్లో కుళ్ళు పడుతుంది. పైన ఆకు పచ్చగానే ఉంటుంది. మూడో రోజుకు వేలాడుతుంది, వారానికి తీగ పాకే అవిసె చెట్టుకు ఎండుతాడులా మిగులుతుంది. ఎందుకిలా అయిందో నీ ఆఖరి ప్రశ్నకు ఇచ్చే జవాబులో ఉంది.

ఆ ఆఖరి ప్రశ్నకు జవాబు రాయడానికే నాకు పదిహేను రోజులు పట్టింది. మీ పక్కవీధిలో పట్టుదారం చుట్టి బతుకుతున్న మునెమ్మ గురించి రాశావు. మన పరిగి కుళ్ళాయమ్మ కోడలు, ఓబుళప్ప పెళ్ళాం. ఆమె నీతో అన్న మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాశావు: "మీ తమ్ముడొక్కడే నా పక్క మాట్లాడినాడమ్మా. నన్ను అందరూ అట్లా అంటాంటే ఆయప్ప పత్రికలో అచ్చేసినాడంట గదా. ఆయప్ప సల్లగుండల్ల." దాని కింద నీ మాట: 'నువ్వు చెబితే ఓబుళప్ప వింటాడు. నీకంత మంచిపేరున్నప్పుడు ఆ పిల్లను మళ్ళీ కాపురానికి పిలిపించరాదా?'

ఆ నాలుగు పంక్తులు చదివి జాబు మడిచి అచ్చుయంత్రం కింద పెట్టాను. రోజూ తీసి చూస్తున్నాను. నాకు మంచిపేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే మన్నుతో మొదలుపెట్టాలి.

నువ్వు పదమూడో ఏట పరిగి విడిచిపోయావు. కుళ్ళాయమ్మ తోట వెనక, కానుగ చెట్టు కింద, టెంకాయ మట్టలు కప్పిన మట్టికుప్ప నీకు గుర్తుండవచ్చు. ఊరంతా దాన్ని తల్లిమన్ను అంటుంది. గొర్రెల మంద కట్టిన నేల మన్ను, కానుగాకు, నూనె తీశాక మిగిలిన కానుగ చెక్క దంచి కలిపి, పులిసిన మజ్జిగ నీళ్ళు చల్లి నీడలో ఉంచుతారు. నలభై రోజులకు చెయ్యి పెడితే కుప్ప వెచ్చగా ఉంటుంది, చెక్క ముక్కల మీద పచ్చటి బూజు పట్టి ఉంటుంది. కొత్త తోట వేసేవాళ్ళు గంపతో తీసుకుపోయి సాళ్ళలో వేస్తారు. కుళ్ళిన తీగ పీకితే ఆ గుంటలో దోసెడు వేస్తారు. ఏడాది చివర, తెగులు చుట్టుపక్కలంతా తిరిగినా ఏ తోట నిలిచిందో, ఆ తోట మన్ను ఒక గంప వెనక్కి తెచ్చి కుప్పలో కలుపుతారు.

ఈ చివరి వాక్యం నేను ముప్పై ఏళ్ళు విన్నాను, ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాకు కనిపించినవి వేరు. మంగళవారం పసుపు కుంకుమ, ఇనుప పార తగలకూడదు, ఎండ తగలకూడదు, అమ్మకూడదు, ఎత్తుకుపోయేది ఇంటి కోడలే అయ్యుండాలి, ముట్టయిన ఆడది తాకకూడదు. ఇవి చూసే నాకు ఒళ్ళు మండింది. 'మట్టికి మొక్కే మనుషులు' అని రాశాను. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు మొదళ్ళలో పోస్తే కుళ్ళు చస్తుందని శాస్త్రం చెబుతుంటే, ముసలమ్మ కుప్పకు దండాలేమిటి అని అడిగాను. రాసి ఊరుకుంటే సరిపోయేది. మూడేళ్ళ కిందటి ఉగాదికి పరిగి పోయి, ఊరి చావడిలో నిలబడి సవాలు చేశాను. ఓబుళప్ప తోటలోనే పది సాళ్ళకు నా మందు, పది సాళ్ళకు తల్లిమన్ను. ఏడాది తిరిగేసరికి ఎవరి తీగ నిలుస్తుందో చూద్దాం అన్నాను.

కుళ్ళాయమ్మ వక్క నములుతూ, "ఏమప్పా శంకరప్పా, మంచేదో చెడ్డేదో తీగనే చెప్తాది. నువ్వు పత్రికలో అరిస్తే తీగకు ఇనపడ్తాదా?" అంది. చావడి అంతా నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు, అదే నా జబ్బు.

కార్తీకంలో వాన పట్టింది. తల్లిమన్ను వేసిన పది సాళ్ళూ కుళ్ళిపోయాయి. నా సాళ్ళలో సగం పైగా నిలిచాయి. నేను గెలిచాను. 'నిలదీత' ఆ సంచిక రెండుసార్లు అచ్చు వేశాను. రైతులు కుప్ప దగ్గరకు పోవడం మానేసి హిందూపురం వచ్చి తుత్తం కొన్నారు.

కానీ ఊరు నా శాస్త్రాన్ని ఒప్పుకుందనుకున్నావా? ఊరు తన దారిన ఆలోచించింది. తాతలనాటి మన్ను ఉత్తపుణ్యానికి చెడదు, ఎవరో మైల పరిచారు అంది. శ్రావణంలో ఒకనాడు మునెమ్మ కానుగ చెట్టు దగ్గర కనిపించిందని ఒకామె అంది. ఆ రోజుల్లో ఆమె ముట్టులో ఉందని ఇంకొకామె లెక్క కట్టింది. చావడి ముందు నిలబెట్టి అడిగారు. "పండ్లు తోముకునేదానికి పుల్ల ఇరుసుకుంటి. అంతే. మన్ను ముట్టల్యా," అంది మునెమ్మ. అదే మాట నాలుగుసార్లు అంది. కుళ్ళాయమ్మ తల ఎత్తలేదు. ఓబుళప్ప మరుసటి వారం పెళ్ళాన్ని హిందూపురం స్టేషనుకు తీసుకొచ్చి ధర్మవరం రైలెక్కించి వచ్చాడు.

అప్పుడు నేను 'ఆడదాని మీద నింద' రాశాను. నువ్వు చదివి మెచ్చుకున్నావు. ముట్టుకూ మట్టికీ సంబంధం లేదని రాశాను. సొంత పెళ్ళాన్ని మూఢత్వానికి బలిచ్చే మగవాళ్ళను చీల్చి చెండాడాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకో, ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

పోయిన ఏడు తుత్తం మాయమైంది. తుత్తం చేసే రాగి అంతా యుద్ధానికి పోతోందట. మందు లేదు, మన్ను లేదు. నలభై తోటలు తొమ్మిదయ్యాయి. ఈ శ్రావణంలో వ్యవసాయ శాఖ నుంచి జయరాజు అనే చిన్నవయసు ఉద్యోగి వచ్చాడు. బూజుల మీద చదువుకున్నవాడు. ఒక బూజును ఇంకొక బూజు తింటుందనీ, తీగ మొదలు కుళ్ళబెట్టే తెల్లబూజును తినేది దొరికితే తుత్తంతో పనిలేదనీ చెప్పాడు. తోటవాళ్ళు ఇదివరకు ఏం చేసేవారని అడిగితే, తల్లిమన్ను సంగతి చెప్పారు. అతను గంతేసినంత పని చేశాడు.

కుప్ప ఇంకా అక్కడే పడి ఉంది. జయరాజు గుప్పెడు తీసి గాజుపళ్ళేలలో పెట్టాడు. వారం చూశాడు. ఏమీ మొలవలేదు. "చచ్చిన మట్టండీ ఇది. పేడ ఎరువులో ఏదో ఒక బూజు రాకుండా ఉండదే!" అని ఆ మట్టిని నీళ్ళలో కలిపి, ఏదో ఆమ్లం నాలుగు చుక్కలు వేసి, వడగట్టి, అందులో చాకు ముంచి పెట్టాడు. కాసేపటికి తీస్తే చాకు అంచు ఎర్రగా ఉంది, రాగిపూత పట్టినట్టు. "తుత్తం! దీంట్లో ఎవరో తుత్తం పోశారు," అన్నాడు.

"తోటలో సల్లింది వానకు కొట్టుకోనొచ్చిందేమోలే సార్," అన్నాడు ఓబుళప్ప.

"కుప్ప మెట్టన ఉంది కదయ్యా. నీళ్ళు ఎదురెక్కుతాయా?" అన్నాడు జయరాజు.

అందరూ నా వైపు చూశారు, తుత్తం సంగతులు తెలిసినవాణ్ణని. నేను గొంతు సవరించుకుని, వెతికితే ఇంకెక్కడైనా పాత మన్ను దొరుకుతుందేమో అన్నాను.

దొరికింది. పన్నెండేళ్ళ కిందట పెనుకొండ వెంకటప్ప ఆకుతోట వేస్తూ ఒక గంప తీసుకుపోయాడని కుళ్ళాయమ్మకు గుర్తొచ్చింది. పోయిన నెల జయరాజు, నేను, ఆమె ముగ్గురం పెనుకొండ పోయాం. కొండ కింద బావి పక్కన చిన్న తోట, అరెకరం ఉంటుందేమో. ఒక్క తీగ వాడలేదు. పెరట్లో టెంకాయ మట్టల కింద కుప్ప.

"మీ మన్ను మీకియ్యడానికేముందవ్వా? ఎత్తుకుపోయేదానికి కోడలేది?" అన్నాడు వెంకటప్ప.

"కోడలు ల్యా. అదే చెరిపింది మన్నును. ముట్టులో తాకింది."

వెంకటప్ప పకపకా నవ్వాడు. "మా ఇంట్లో ముగ్గురు ఆడోళ్ళుండారు. ఎవురికి తీరితే వాళ్ళు కలియబెడ్తారు. ముట్టని, మైలని మేం యానాడూ లెక్క పెట్టుకోల్యా. చెడిందేమో చెయ్యి పెట్టి సూడు పో."

కుళ్ళాయమ్మ వంగి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. తీసి వాసన చూసింది. చాలాసేపు అలాగే ముక్కు దగ్గర పెట్టుకుంది. "మా అత్త చేతి వాసన," అంది. తర్వాత మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసి, "అట్లయితే మా మన్నుకేమైందప్పా? ముట్టుతో చెడకపోతే దేంతో చెడె? ఆ తుత్తం యాడనుంచి వచ్చె?" అంది.

"నేనే అవ్వా," అన్నాను. "సంత రోజు మధ్యాహ్నం. పది కడవలు."

అక్కా, ఇప్పుడు నీ వేలు ఆగింది కదూ.

సవాలు చేసిన ఏడు శ్రావణంలో నా సాళ్ళలో మూడు తీగలు కుళ్ళాయి. ఆమె సాళ్ళలో ఒక్కటీ లేదు. భాద్రపదంలో రెండో విడత మన్ను వేస్తారు, ఆ తర్వాత నాకు దిక్కుండదని అర్థమైంది. ఊరంతా హిందూపురం సంతకు పోయిన రోజు సున్నం కలపని తుత్తం నీళ్ళు, బాగా చిక్కగా, కుప్ప నెత్తిన పోశాను. నిజంగా మహిమ ఉంటే బతుకుతుంది, ఇదీ ఒక పరీక్షే అని నాకు నేను చెప్పుకున్నాను. పరీక్ష అయితే పట్టపగలు అటూ ఇటూ చూస్తూ ఎందుకు పోశానట? ఇంటికొస్తే అలివేలమ్మ నా పంచె అంచున నీలం చూసి, "ఈ పొద్దు మీ సాళ్ళకు మందు పోసే రోజు కాదే?" అంది. సిరా అన్నాను. ఆమె ఆ పంచె మూడుసార్లు ఉతికింది.

చచ్చిన మన్నునే ఆ భాద్రపదంలో కుళ్ళాయమ్మ నమ్మకంగా సాళ్ళలో వేసింది. అందులోని తుత్తం వేళ్ళను కూడా కాల్చి ఉంటుందని జయరాజు చెప్పాడు. నా గెలుపు అదీ.

ముప్పై ఏళ్ళుగా పూజారుల్ని, సోదెవాళ్ళను, తాయెత్తులు కట్టేవాళ్ళను మోసగాళ్ళని తిట్టాను. వాళ్ళలో చాలామంది తాము చెప్పేది తామే నమ్ముతారు. నేను నా శాస్త్రాన్ని కూడా నమ్మలేదు, నమ్మి ఉంటే పరీక్షను దాని మానాన వదిలేవాణ్ణి. ఆ తర్వాత ఊరు ముట్టు పేరు చెప్పి మునెమ్మను పట్టుకున్నప్పుడు, నేను తిట్టే ఆ మూఢత్వమే నన్ను దాచింది. ఆ నీడలో కూర్చునే దాన్ని తిడుతూ వ్యాసం రాశాను. నింద తప్పని రాయడానికి మూడు పుటలు దొరికాయి, 'ఎందుకంటే పోసింది నేను' అనే మూడు మాటలకు చోటు దొరకలేదు.

కుళ్ళాయమ్మ నన్ను తిట్టలేదు. చేతికంటిన మన్ను కొంగుకు తుడుచుకోకుండా మళ్ళీ కుప్పలోకే దులిపింది. "అంతంత పెద్ద మాటలు రాస్తివి గదప్పా. ఇంత చిన్న మాట రాయల్యాకపోతివా?" అంది. మళ్ళీ, "నాకు చెప్తే ఏమొచ్చె? దానికి చెప్పు పో," అంది.

జయరాజు పరీక్షకని గుప్పెడు మన్ను తెచ్చుకున్నాడు. మొన్న గాజుపళ్ళెం చూపించాడు. ఒక పక్క కుళ్ళు తెగులు తెల్లబూజు, ఇంకో పక్క తల్లిమన్ను పచ్చబూజు. నాలుగో రోజుకు పచ్చది తెల్లదాని మీదికెక్కి మిగల్చకుండా తినేసింది. నేను వాదనకు దిగాను, అలవాటు కదా. మరి ఆ నియమాలన్నీ నిజమేనా అన్నాను. "ఎండ సంగతి నిజమండీ, ఎండకు చస్తుంది. మంచి తోట మన్ను వెనక్కి తేవడం అన్నిటికన్నా గొప్ప సంగతి. ఇనుము గురించి నాకు తెలీదు, చూడాలి. ముట్టు సంగతి అబద్ధమని పెనుకొండలో మీరే చూశారు కదా," అన్నాడు. అతను ఒక్కొక్కటి విడదీసి చూశాడు. నేను చేటలో ఉన్నదంతా పొట్టేనని పారబోశాను.

పెనుకొండ నుంచి వచ్చిన రోజే ఓబుళప్పకు తోటలో చెప్పాను. అతను తీగలు అవిసెకు కడుతున్నాడు. నేను చెబుతుంటే ఆపలేదు, ఒక సాలు పూర్తిగా కట్టాడు. సాలు చివర నిలబడి, "నేను దాన్ని రైలెక్కిచ్చేనాడు నువ్వు స్టేషన్లోనే ఉంటివి గదన్నా?" అని అడిగాడు.

ఉన్నాను. పత్రికకు వచ్చిన కాగితం కట్టలు విడిపించుకోవడానికి పోయాను. మునెమ్మ రైలుపెట్టెలోంచి నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేను కూడా పెట్టాను.

ఓబుళప్పకూ తన తప్పు తెలుసు. నేను పోసింది మట్టి మీద, పెళ్ళాం మాట నమ్మనిది తాను. ఆ మాట అతనే అన్నాడు. తను స్వయంగా ధర్మవరం వచ్చి పిలుస్తానంటున్నాడు. నేనూ వస్తానన్నాను. కానీ మేమిద్దరం ముందు వచ్చి గుమ్మంలో నిలబడితే, మొహమాటానికో భయానికో ఆమె సరేనంటుంది. అది నాకిష్టం లేదు. అందుకే ఈ జాబు ముందు వస్తోంది.

నువ్వు చేయవలసింది ఇది. మునెమ్మను పిలిచి ఈ జాబు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించు. నా మీద ప్రేమకొద్దీ ఏదీ మింగవద్దు. పది కడవలు అన్నచోట పది అనే చదువు. వెంకటప్ప గంప మన్ను కోడలి కోసం అట్టే పెట్టాడని కూడా చెప్పు, కానీ ఊరి తోటలు ఆ గంప కోసం చూస్తున్నాయని చెప్పి ఆమె మీద బరువు పెట్టవద్దు. ఆమె రాకపోతే కుళ్ళాయమ్మే పోయి ఎత్తుకొస్తుంది, వెంకటప్ప కాదనడు. తోటలు నిలబడటం ఆమె క్షమాపణ మీద ఆధారపడి లేదు. వచ్చే సంచిక మొదటి పుటలో ఇదంతా అచ్చవుతోంది, 'ఆడదాని మీద నింద' ఎంత పెద్ద అక్షరాల్లో వేశానో అంత పెద్ద అక్షరాల్లోనే. ఆమె అచ్చులో కాక నీ నోట ముందు వినాలని ఆ సంచిక ఆపి ఉంచాను.

కుళ్ళాయమ్మ కూడా ఒక మాట చెప్పమంది: "అది నాలుగుసార్లు చెప్పె, ముట్టల్యాదని. ఒక్కసారి కూడా నేను తలెత్తి దాని మొగం సూడల్యా. వస్తే రానీ, రాకపోయినా దాని తప్పు ల్యాదని చెప్పు."

ఆమె రమ్మంటే ఒక కార్డు రాయి, ఇద్దరం వస్తాం. ఓబుళప్ప ఒక్కణ్ణే రమ్మంటే అతనే వస్తాడు. వద్దంటే ఎవరమూ రాము, మళ్ళీ అడగము. తిట్టినా, ఏడ్చినా, ఏమీ అనకుండా లేచిపోయి దారం చుట్టుకున్నా, అది ఉన్నది ఉన్నట్టు రాయి, నీ మంచి మాటలు కలపకుండా. చదవడం మొదలుపెట్టేటప్పుడు 'మా తమ్ముడు రాశాడు' అనవద్దు. అలా అంటే ఆమె నీ మొహం చూసి సగం క్షమించేస్తుంది. శంకరప్ప రాశాడు అను.

ఇట్లు,
నీ దగ్గర కూడా మూడేళ్ళు దాచిన
తమ్ముడు
శంకరప్ప